పెంపుడు కుక్క తప్పు అలవాట్లను మాన్పించడం ఎలా?

బయటికి వెళ్లి రెండు గంటల తర్వాత ఇంటికి తిరిగి వచ్చేసరికి గుమ్మం దగ్గర చెప్పు ముక్కలై పడి ఉంటుంది. ఆ ముక్కను కుక్క మూతి దగ్గర పెట్టి గట్టిగా గద్దిస్తాం. అది చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్యకు ముడుచుకుని, మన వైపు చూడకుండా తల పక్కకు తిప్పుకుంటుంది. చేసిన తప్పు దానికి తెలిసిందనీ, ఇక మళ్లీ ఆ పని చేయదనీ అనుకుంటాం. మర్నాడు రెండో చెప్పు కూడా పోతుంది.

నా మొదటి కుక్క విషయంలో నేను దాదాపు ఆరు నెలలు ఇదే పని చేశాను. ఆ ఆరు నెలల్లో చెప్పులు కొరకకూడదన్న సంగతి అది నేర్చుకోలేదు, నేను తలుపు తీసుకుని లోపలికి రావడమే భయపడవలసిన విషయమని నేర్చుకుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మనం తప్పు ఒప్పుకోవడంగా భావించే ఆ ముఖం గురించి అమెరికన్ పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. తినవద్దని చెప్పి యజమాని గది విడిచి వెళ్లిన తర్వాత కుక్క ఆ పదార్థాన్ని తిన్నదా లేదా అన్నది యజమానికి కొన్నిసార్లు నిజంగానూ, కొన్నిసార్లు అబద్ధంగానూ చెప్పారు. తల దించుకున్న ఆ ముఖం కుక్క నిజంగా తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని మందలించినప్పుడల్లా వచ్చింది. ఏమీ తినని కుక్కలు కూడా మందలింపు వినగానే అలాగే తల దించుకున్నాయి.

కుక్క తాను చేసిన పనినీ, దాని వల్ల కలిగిన ఫలితాన్నీ ముడిపెట్టుకోగలిగేది ఆ రెండూ ఒకటి రెండు సెకన్ల తేడాతో జరిగినప్పుడే. రెండు గంటల కిందటి చెప్పుకూ ఇప్పటి కోపానికీ మధ్య ఉన్న సంబంధం దానికి అందదు. కింద చెప్పిన ప్రతి అడుగూ ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది: తప్పు పనికి ఏ ప్రతిఫలమూ దక్కకుండా చూడాలి, దాని స్థానంలో ఏ పని చేయాలో చూపించాలి, ఆ పని చేసిన క్షణంలోనే మెచ్చుకోవాలి.

మొదటి అడుగు: జబ్బు కాదని తేల్చుకోండి

ఏళ్ల తరబడి ఇంట్లో ఒక్క చుక్క మూత్రం పోయని కుక్క ఉన్నట్టుండి పోయడం మొదలుపెడితే దాన్ని మొండితనం అనుకోకండి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మధుమేహం, కిడ్నీ జబ్బు వంటివి దానికి కారణం కావచ్చు. ముట్టుకోగానే గుర్రుమనే కుక్కకు చెవిలో పుండో, పంటి నొప్పో, కీళ్ల నొప్పో ఉండవచ్చు. వయసు మళ్లిన కుక్క రాత్రిళ్లు గోడ వైపు చూస్తూ మొరగడం, తెలిసిన గదిలోనే దారి తప్పడం మతిమరుపు జబ్బు లక్షణాలు. ప్రవర్తన హఠాత్తుగా మారిన ప్రతిసారీ ముందుగా పశువైద్యుడికి చూపించండి. నొప్పితో ఉన్న ప్రాణికి శిక్షణ ఇవ్వబోవడం దానికి అన్యాయం చేయడమే.

రెండో అడుగు: వారం రోజులు రాసుకోండి

ఒక నోటు పుస్తకంలో మూడు గళ్లు గీయండి. ఆ పనికి ముందు ఏం జరిగిందో మొదటి గడిలోనూ, కుక్క సరిగ్గా ఏం చేసిందో రెండో గడిలోనూ, ఆ వెంటనే దానికి ఏం దక్కిందో మూడో గడిలోనూ రాయండి. ‘పొగరుగా ప్రవర్తించింది’, ‘అల్లరి చేసింది’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘కాలింగ్ బెల్ మోగింది, తలుపు దగ్గరికి పరిగెత్తి పది పన్నెండు సార్లు మొరిగింది, నేను వెళ్లి మెడ మీద చేయి వేసి ఊరుకోమన్నాను’ అని కంటికి కనిపించినది కనిపించినట్టు రాయాలి.

మూడో గడిని జాగ్రత్తగా చదివితే చాలామందికి కళ్లు తెరుచుకుంటాయి. మనం కసరడం అనుకున్నది చాలాసార్లు కుక్కకు దక్కిన పలకరింపు అవుతుంది. రోజంతా ఒంటరిగా ఉన్న కుక్కకు మనం పేరు పెట్టి అరవడం కూడా కొంత సాంగత్యమే. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1898లో, పిల్లులను గడియ వేసిన పెట్టెల్లో ఉంచి, అవి బయటపడే తీరును గమనించి చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: తృప్తినిచ్చే ఫలితం దక్కిన పనిని జంతువు మళ్లీ చేస్తుంది. మీ కుక్క ఒక పనిని పదే పదే చేస్తున్నదంటే దానికి ఎక్కడో ఏదో గిట్టుబాటు అవుతున్నట్టే లెక్క. అదేమిటో ఆ గడిలో దొరుకుతుంది.

ఆ రోజు అది ఎంతసేపు నడిచిందో, ఎంతసేపు నిద్రపోయిందో కూడా పక్కన రాసుకోండి. చిన్న కుక్కపిల్లలు రోజులో 18 గంటల వరకూ నిద్రపోతాయి, నిద్ర చాలని పిల్ల మరింతగా కొరుకుతుంది.

మూడో అడుగు: తప్పు చేసే అవకాశాన్ని తీసేయండి

ఒక పనిని ఎన్నిసార్లు చేస్తే అంతగా అది అలవాటుగా గట్టిపడుతుంది కనుక, నేర్పడం పూర్తయ్యేలోగా ఆ పని జరగకుండా ఇంటిని సర్దుకోవడం అవసరం. చెప్పులను తలుపున్న అల్మరాలో పెట్టండి, చెత్తబుట్టకు గట్టి మూత బిగించండి, వీధిలోకి చూస్తూ మొరిగే కిటికీకి కింది సగం తెర వేయండి. కుక్కను గమనించడానికి ఎవరూ లేనప్పుడు దాన్ని ఒక గదికి పరిమితం చేసే అడ్డుగేటు పెట్టండి. ఇదంతా బద్ధకంతో ఎంచుకున్న అడ్డదారి అని కొందరు అనుకుంటారు, కానీ నా అనుభవంలో సగం సమస్యలు ఈ ఒక్క అడుగుతోనే తగ్గిపోయాయి.

కొరకడం మాత్రం పూర్తిగా మాన్పించవలసిన పని కాదు. కుక్కపిల్లకు ఉండే 28 పాలపళ్లు మూడు నాలుగు నెలల వయసు నుంచి ఊడిపోవడం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ కాలంలో చిగుళ్ల దురదకు ఏదో ఒకటి కొరకక తప్పదు. గట్టి రబ్బరు బొమ్మలను చేతికందేలా ఉంచి, వాటిని నోట పెట్టుకున్నప్పుడల్లా మెచ్చుకోండి. పాత చెప్పును ఆడుకోమని ఇవ్వకండి, పాతదానికీ కొత్తదానికీ తేడా కుక్కకు తెలియదు.

నాలుగో అడుగు: సరైన పనిని ఆ క్షణంలోనే గుర్తించండి

ఇందుకు ఒక చిన్న మాటను ఎంచుకోండి. మా ఇంట్లో ఆ మాట ‘భేష్’. మొదటి రోజు కుక్కను ఏమీ చేయమనకుండా, ‘భేష్’ అని ఒకసారి అని వెంటనే బఠానీ గింజంత తినుబండారం ఇవ్వండి. పదిహేను ఇరవై సార్లు ఇలా చేశాక, ఆ మాట వినపడగానే కుక్క చటుక్కున మీ చేతి వైపు చూస్తుంది. జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన ఇవాన్ పావ్‌లోవ్, తిండి రాబోతున్నదన్న సూచన అందగానే కుక్కల నోట లాలాజలం ఊరుతుందని గమనించింది ఇటువంటి ముడినే. ఇక నుంచి ఆ మాట మీ చేతిలో కెమెరా బటన్ లాంటిది. కుక్క సరైన పని చేస్తున్న క్షణంలోనే దాన్ని నొక్కాలి, తినుబండారం రెండు సెకన్లు ఆలస్యమైనా ఫరవాలేదు.

తినుబండారాల మొత్తం రోజువారీ ఆహారంలో పదో వంతు దాటకుండా చూసుకుని, ఆ మేరకు గిన్నెలో వేసే తిండిని తగ్గించండి. ఒక్కో పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు, రోజుకు నాలుగైదు సార్లు చేయవచ్చు. విసుగు వచ్చాక సాగదీసిన పాఠం నిలవదు.

ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడడం చాలా ముఖ్యం. ఒకరు ‘కూర్చో’ అనీ, మరొకరు ‘సిట్’ అనీ, పిల్లలు ‘కూచోరా, కూచోమంటే వినవేం’ అనీ అంటుంటే కుక్క చెవికి అవి మూడు వేర్వేరు శబ్దాలు. వాడే మాటలను ఒక కాగితం మీద రాసి అందరికీ కనిపించేలా అంటించండి. అలాగే మాటను ఒక్కసారే అనండి. ఐదుసార్లు అన్నాక కూర్చున్న కుక్క, ఐదోసారికి కూర్చుంటే చాలునని నేర్చుకుంటుంది.

పని బాగా వచ్చాక ప్రతిసారీ తిండి ఇవ్వనవసరం లేదు. ఒకసారి తినుబండారం, ఒకసారి మెడ కింద నిమరడం, ఒకసారి బంతి విసరడం, ఇలా మారుస్తూ ఉండండి.

మీదికి దూకడం

ఎక్కువ ఇళ్లలో కనిపించేదీ, ఎక్కువమంది చేజేతులా పెంచి పోషించేదీ ఇదే అలవాటు. చిన్న పిల్లగా ఉన్నప్పుడు ముంగాళ్లెత్తి మోకాళ్ల మీద వేస్తే ఎత్తుకుని ముద్దాడతాం, అదే కుక్క 25 కిలోలు పెరిగాక అదే పని చేస్తే కసురుతాం. నియమం మారిందని దానికి ఎవరూ చెప్పలేదు.

మీరు లోపలికి రాగానే కుక్క దూకితే చేతులు కట్టుకుని, మాట్లాడకుండా, దాని వైపు చూడకుండా పక్కకు తిరిగి నిలబడండి. చేతులతో నెట్టకండి, నెట్టడం దానికి ఆటలాగే ఉంటుంది. దాని నాలుగు పాదాలూ నేల మీద ఆనిన ఆ ఒక్క క్షణం కోసం వేచి ఉండండి. ఆనగానే ‘భేష్’ అని, తినుబండారాన్ని దాని పాదాల దగ్గర నేల మీద పెట్టండి. గాల్లో పట్టుకుని అందిస్తే అది మళ్లీ ఎగురుతుంది, నేల మీద పెడితే తల కిందికి వంగుతుంది, తల వంచిన కుక్క దూకలేదు. తిన్నాక మళ్లీ దూకితే మళ్లీ పక్కకు తిరగండి. నాలుగైదు రోజుల తర్వాత, అది దూకకముందే ‘కూర్చో’ అని చెప్పి, కూర్చున్నాకే పలకరించండి. కూర్చుని ఉన్న కుక్క అదే సమయంలో దూకలేదు కదా.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఇన్నాళ్లూ ఫలించిన పని ఒక్కసారిగా ఫలించడం మానేస్తే, కుక్క దాన్ని వదిలేసే ముందు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. మా కుక్క మూడో రోజున నా చొక్కా అంచు పట్టుకుని లాగుతూ, గొంతెత్తి మొరుగుతూ, ఇంతకుముందెన్నడూ చేయనంత గొడవ చేసింది. ఈ పద్ధతి పనిచేయడం లేదని ఆ రోజే వదిలేసి ఉంటే, ఎంత గట్టిగా గొడవ చేయాలో దానికి నేనే నేర్పినట్టయ్యేది. ఆరో రోజుకు అది గుమ్మం దగ్గర నిలబడి, ఒళ్లంతా ఊగిపోతున్నా పాదాలు మాత్రం కదపకుండా నా వైపు చూసింది. వచ్చిన అతిథి ‘ఫరవాలేదులెండి, నాకు కుక్కలంటే ఇష్టం’ అంటూ దూకిన కుక్కను నిమిరితే ఈ శ్రమంతా వెనక్కి పోతుంది. అప్పుడప్పుడు మాత్రమే దక్కే ప్రతిఫలం అలవాటును మరింత మొండిగా చేస్తుంది. అతిథికి ముందే చెప్పండి, లేదా అప్పటికి పట్టీ కట్టి ఉంచండి.

ఇంట్లో మల మూత్రాలు

కుక్కపిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చే గంటల పాటే, అదీ మహా అయితే, మూత్రం ఆపుకోగలదన్నది శిక్షకులు చెప్పే లెక్క. మెలకువగా ఉన్నప్పుడు ఆ సమయం ఇంకా తక్కువ. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట ముగియగానే, ఇవి గాక రెండు గంటలకోసారి, ప్రతిసారీ ఒకే చోటికి తీసుకువెళ్లండి. అక్కడ పని పూర్తి చేసిన క్షణంలోనే, ఆ చోటే మెచ్చుకోండి. లోపలికి వచ్చాక ఇచ్చిన తినుబండారం లోపలికి వచ్చినందుకే అవుతుంది.

ఇంట్లో పోస్తే మూతిని దానిలో రుద్దడం చాలా పాత అలవాటు, దయచేసి ఆ పని చేయకండి. మనుషుల కళ్లెదుట మూత్రం పోయడం ప్రమాదమని మాత్రమే అది నేర్చుకుని, ఆపైన సోఫా వెనక్కి వెళ్లి పోస్తుంది, బయట మీ ముందు పోయడానికి కూడా జంకుతుంది. తడిసిన చోటును ఎంజైమ్‌లు ఉన్న క్లీనర్‌తో కడగండి. అమ్మోనియా ఉన్నవి వాడితే ఆ వాసన మూత్రాన్నే తలపించి మళ్లీ అక్కడికే రప్పిస్తుంది.

మొరగడం, పట్టీ లాగడం

అన్ని మొరుగుళ్లూ ఒకటి కావు. మీ దృష్టి కోసం మొరిగితే, మౌనం రెండు సెకన్లు నిలిచే వరకూ వేచి చూసి అప్పుడు పలకరించండి, తర్వాత ఆ రెండును ఐదుకూ పదికీ పెంచండి. ఏమీ తోచక మొరిగితే దానికి కావలసింది నడక, వాసన చూసే అవకాశం, కొంత పని. బెల్ మోగినప్పుడు మొరిగే కుక్కకు ఒక చాప వేసి, బెల్ శబ్దం వినగానే ఆ చాప మీదికి వెళ్లడం నేర్పండి. మొదట ఎవరూ రాని సమయంలో మీరే బెల్ నొక్కి, చాప మీద తినుబండారం వేస్తూ, ముప్పై నలభై సార్లు సాధన చేయించాలి. అసలైన అతిథి వచ్చినప్పుడే నేర్పబోతే ఆ హడావిడిలో ఏదీ తలకెక్కదు.

పట్టీ లాగే కుక్కకు లాగడం వల్ల ఇప్పటిదాకా దక్కింది ముందుకు వెళ్లడమే. పట్టీ బిగిసిన మరుక్షణం ఆగిపోండి. అది వెనక్కి చూసి, పట్టీ మధ్యలో ఊయల తాడులా కిందికి వేలాడగానే ‘భేష్’ అని నడక కొనసాగించండి. మొదటి వారం వీధి చివరిదాకా వెళ్లడానికే పావుగంట పట్టవచ్చు. మెడపట్టీని గుంజితే గొంతు నొక్కుకుంటుంది కనుక ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ మేలు.

కొట్టడం ఎందుకు పనికిరాదు

‘కుక్క కాటుకు చెప్పుదెబ్బ’ అన్న సామెతను పెంపకంలోకి తెచ్చుకోకండి. దెబ్బ తిన్న కుక్క ఆ పనిని మీ ముందు ఆపవచ్చు, కానీ ఏం చేయాలో దానికి తెలియదు, పైగా మీ చేయి పైకి లేస్తేనే ముడుచుకుపోతుంది. కుక్క మనపై పెత్తనం కోసం పోటీ పడుతుందనీ, దాన్ని వెల్లకిలా పడేసి లొంగదీయాలనీ కొందరు ఇప్పటికీ చెబుతారు. ఒకరికొకరు పరిచయం లేని తోడేళ్లను బంధించి ఉంచి చేసిన పరిశీలనల నుంచి, ముఖ్యంగా రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన పత్రం నుంచి, ఆ భావన బయలుదేరింది. దాన్ని 1970 నాటి తన పుస్తకంతో జనంలోకి తీసుకువెళ్లిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే, అడవిలోని తోడేళ్ల గుంపు నిజానికి తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమని 1999లో రాసి, పాత అభిప్రాయాన్ని సరిదిద్దారు. జంతు ప్రవర్తనపై పనిచేసే అమెరికన్ పశువైద్యుల సంఘం కూడా 2021లో ప్రతిఫలంతో నేర్పే పద్ధతులనే సిఫారసు చేసింది.

అలాగని హద్దులు ఉండవని కాదు. ఆటలో పళ్లు గట్టిగా తగిలితే ఆట అక్కడే ఆగిపోతుంది: మాట్లాడకుండా లేచి గేటు అవతలికి వెళ్లి, అర నిమిషం తర్వాత తిరిగి రండి. ప్రతిసారీ, ఇంట్లో ప్రతి ఒక్కరూ ఇలాగే చేస్తే, గొంతు పెంచకుండానే హద్దు ఎక్కడుందో దానికి అర్థమవుతుంది.

గుర్రుమన్నప్పుడు, కరవబోయినప్పుడు

గుర్రుమన్నందుకు ఎన్నడూ శిక్షించకండి. పెదవులు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కంటి తెల్లభాగం కనిపించేలా ఓరగా చూడడం, ఒళ్లు బిగుసుకుపోవడం, ఇవన్నీ చూపించాక కూడా మనం గమనించకపోతే చివరికి అది గుర్రుమంటుంది. ఆ హెచ్చరికను నోరు నొక్కి మాన్పిస్తే, హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది.

తింటున్నప్పుడు దగ్గరికి వస్తే గుర్రుమనే కుక్క గిన్నెను లాక్కోకండి. ఎంత దూరంలో అది నిశ్చింతగా తింటున్నదో చూసుకుని, ఆ దూరం నుంచి గిన్నెలో ఉన్నదానికన్నా రుచికరమైన ముక్కను విసిరి వెళ్లిపోండి. కొన్ని వారాల్లో మీ రాక దానికి దోపిడీలా కాక కానుకలా కనిపించడం మొదలవుతుంది. ఇతర కుక్కలనో కొత్త మనుషులనో చూసి భయంతో ఎగబడే కుక్కకు కూడా ఇదే పద్ధతి: ఎదుటివారు కనిపిస్తున్నా అది ఇంకా తినగలిగే, పిలిస్తే మీ వైపు తిరగగలిగే దూరంలో మొదలుపెట్టి, ఎదుటివారు కనిపించిన ప్రతిసారీ తినుబండారం ఇస్తూ, రోజుకు కొద్ది అడుగుల చొప్పున దగ్గరవ్వండి. తినడం మానేసిందంటే మరీ దగ్గరికి వచ్చేశారని అర్థం, మారుమాట లేకుండా వెనక్కి వెళ్లండి. పుట్టిన మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా మనుషులూ శబ్దాలూ పరిచయం కాని కుక్కలకు ఈ భయం ఎక్కువగా ఉంటుంది, వాటికి నెలలు పట్టవచ్చు.

ఎవరినైనా ఇప్పటికే కరిచి ఉంటే, గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. ఆ కుక్కకు నోరు తెరిచి రొప్పడానికీ, నీళ్లు తాగడానికీ వీలున్న బుట్ట ఆకారపు మూతికట్టును, లోపల తినుబండారం పూసి దానంతట అదే మూతి పెట్టేలా, రోజుల తరబడి మెల్లగా అలవాటు చేయండి. ఇక్కడి నుంచి సొంతంగా ప్రయోగాలు చేయకుండా, ప్రవర్తన వైద్యం తెలిసిన పశువైద్యుడినో, అనుభవం ఉన్న శిక్షకుడినో ఆశ్రయించాలి. ఆ శిక్షకుడిని మొదటి రోజునే ఒక ప్రశ్న అడగండి: ‘మీరు చెప్పిన పని కుక్క చేయకపోతే అప్పుడు మీరేం చేస్తారు?’ పనిని ఇంకా తేలిక చేస్తాననో, దూరం పెంచుతాననో, ప్రతిఫలాన్ని మారుస్తాననో చెబితే పట్టీ ఆయన చేతికి ఇవ్వండి. మెడపట్టీని గుంజుతాననో, కరెంటు షాక్ ఇస్తాననో, లొంగే వరకూ నేలకు అదిమి పడతాననో చెబితే కుక్కను తీసుకుని వచ్చేయండి.